వాగులు దాటే బండ్లలో వైరింగు, సెన్సర్లు, ఈసీయూ (ఇంజనును నడిపించే కంప్యూటర్) తడవకుండా కాపాడుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మారేడుమిల్లి, పాడేరు వైపు వాగులు పొంగడం మొదలైతే చాలు, అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తాయి. ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) లైటు వెలిగిందంటారు, సెల్ఫ్ తిరగట్లేదంటారు, నాలుగు రోజులు బాగానే నడిచి ఐదో రోజు ఆగిపోయిందంటారు. అందుకే జవాబులన్నీ ఒకచోట చేర్చాం. థార్, గూర్ఖా, జిమ్నీ లాంటి బండ్లను మనసులో పెట్టుకుని రాసినా, 12 వోల్టుల బ్యాటరీ ఉన్న ఏ ఫోర్‌బైఫోర్‌కైనా (నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే బండి) ఇవి పనికొస్తాయి. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## ముందుగా తెలుసుకోవాల్సినవి

వాగు నీళ్లు కాసేపు తగిలితేనే ఎలక్ట్రానిక్స్ పాడైపోతాయా?

తగిలినందుకు పాడవవు. లోపలికి వెళ్లిన నీళ్లు బయటికి రాలేక, కరెంటు ఉన్న చోట నిలిచిపోతే పాడవుతాయి. తడి, కరెంటు, సమయం మూడూ కలవాలి. కప్లర్‌లో (వైర్లను కలిపే ప్లగ్గు) 12 వోల్టుల పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య ఉండేది కొద్ది మిల్లీమీటర్ల దూరమే. అక్కడ బురదనీటి చుక్క నిలిస్తే దానిగుండా సన్నగా కరెంటు పారుతూనే ఉంటుంది. ఫ్యూజు కొట్టేంత కరెంటు కాదు కాబట్టి మీకు తెలియదు. ఈలోపు ప్లస్ వైపు పిన్నులోని రాగి కరుగుతుంది. అలాంటి కప్లర్ విప్పి చూస్తే ఎర్త్ పిన్ను మెరుస్తూనే ఉంటుంది, పక్కనున్న ప్లస్ పిన్ను మాత్రం సన్నబడి, పచ్చటి చిలుము పట్టి, గోటితో గీకితే పొడిగా రాలుతుంది. వాగు దాటిన రోజు బాగున్న బండి వారం తర్వాత మొరాయించేది ఇందుకే. కాబట్టి నీటిని ఆపడం సగం పనే. లోపలికి చేరిన నీటికి బయటికి దారి చూపడం, వీలైతే ఆ సమయంలో కరెంటు తీసేయడం మిగతా సగం.

కంపెనీ 650 మి.మీ. లోతు వరకు పర్వాలేదంది. అంతవరకు ధైర్యంగా దిగొచ్చా?

2020లో వచ్చిన థార్‌కు 650 మి.మీ., ఆ మరుసటి ఏడు వచ్చిన గూర్ఖాకు 700 మి.మీ. అని కంపెనీలు చెప్పాయి. అది కదలని నీళ్లకు, నెమ్మదిగా నడిపే బండికి, సీళ్లన్నీ కొత్తగా ఉన్నప్పటికి చెప్పిన లెక్క. 255/65 ఆర్18 టైరు ఎత్తు దాదాపు 79 సెం.మీ. అంటే 65 సెం.మీ. నీళ్లలో టైరు పైభాగం 14 సెం.మీ. మాత్రమే బయట కనిపిస్తుంది. ముందు బంపర్ దగ్గర లేచే అల దానికి అదనం. నాలుగైదేళ్లు వాడిన బండికి 500 మి.మీ. దగ్గర గీత గీసుకోండి. మీరు తర్వాత బిగించిన కంప్రెసర్, రెండో బ్యాటరీ, కెమెరా, ఆంప్లిఫయర్‌లు ఆ 650 లెక్కలోకి రావు. వాటిలో అన్నిటికన్నా కింద ఉన్నది ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలిచి రాసి పెట్టుకోండి.

ఇదంతా నిలిచిన నీటి సంగతి. పారే నీళ్లలో రెండడుగుల లోతే చాలా బండ్లను తేల్చి తోసేస్తుంది. అక్కడ ఎలక్ట్రానిక్స్ గురించి కాదు, ప్రాణం గురించి ఆలోచించి వెనక్కి తిరగాలి.

స్నార్కెల్ పెట్టించాను. ఇక కరెంటు సామానుకు భయం లేనట్టేనా?

కాదు. స్నార్కెల్ ఇంజను పీల్చే గాలిని పైనుంచి తెస్తుంది, అంతే. ఆల్టర్నేటర్, స్టార్టర్, కప్లర్లు ఉన్నచోటే ఉంటాయి. పైగా స్నార్కెల్ ఉందన్న ధీమాతో లోతుకు దిగేసి వైరింగు పాడుచేసుకునే వాళ్లే ఎక్కువ.

లైటు మీద ఐపీ67 అని, ఇంకోదాని మీద ఐపీ69కే అని ఉంది. ఏది మంచిది?

మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. 67 అంటే మీటరు లోతులో 30 నిమిషాలు ముంచి పరీక్షించారని. 68 అంటే అంతకంటే కఠినమైన మునక, ఎంత లోతు, ఎంతసేపు అన్నది తయారీదారు రాయాలి. 69కే అంటే 80 డిగ్రీల వేడి నీటిని 80 నుంచి 100 బార్ ఒత్తిడితో దగ్గరినుంచి కొట్టి చూశారని. ఇవి వేర్వేరు పరీక్షలు. 69కే ఉన్నంత మాత్రాన ముంచి చూసినట్టు కాదు. వాగులు దాటే బండికి 67, 69కే రెండూ రాసి ఉన్నది తీసుకోండి. ఒక విషయం గమనించండి. లైటు బాడీకి ఐపీ67 ఉన్నా దాని తోక వైరు చివరి కప్లర్‌కు ఏమీ ఉండకపోవచ్చు. చాలా లైట్ బార్‌లలోకి నీళ్లు వెళ్లేది అక్కడినుంచే.

ఎండలో నడిచిన బండిని నేరుగా నీళ్లలోకి దించితే నష్టమా?

నష్టమే. ఫాగ్ ల్యాంపులో 80 డిగ్రీల వేడిగాలి ఉందనుకోండి. 25 డిగ్రీల నీటిలో మునగ్గానే ఆ గాలి దాదాపు 15 శాతం ముడుచుకుంటుంది. ఆ ఖాళీ పూడ్చుకోవడానికి సీలు సందుల్లోంచి నీటిని పీల్చుకుంటుంది. సెన్సర్లు, కప్లర్లు, డిఫరెన్షియల్ అన్నిటిలో జరిగేది ఇదే. ఒడ్డున బోనెట్ తెరిచి 10, 15 నిమిషాలు ఆగండి. గేర్‌బాక్స్, యాక్సిల్ గాలి పీల్చుకునే బ్రీదర్ గొట్టాలను బోనెట్ లోపల పైభాగం దాకా పొడిగిస్తే అవి నీటికి బదులు గాలినే పీలుస్తాయి.

## అదనపు సామాను బిగించేటప్పుడు

డైఎలక్ట్రిక్ గ్రీజు ఎక్కడ, ఎంత రాయాలి? వాసెలిన్ చాలదా?

ఇది కరెంటు పారనివ్వని సిలికాన్ గ్రీజు. కప్లర్ రబ్బరు సీలు చుట్టూ సన్నటి పొర, ఆడ కప్లర్ మూతిలో బఠాణీ గింజంత రాసి గట్టిగా నొక్కి లాక్ చేయండి. పిన్ను పిన్నుకు ఒరుసుకునే చోట ఆ ఒత్తిడికే గ్రీజు పక్కకు జరుగుతుంది కాబట్టి కరెంటుకు అడ్డు రాదు. కప్లర్ నిండా కూరితే మాత్రం లాక్ పూర్తిగా పడదు, ఆ సందులోంచే నీళ్లు వెళ్తాయి. అప్పటికే చిలుము పట్టిన పిన్నుల మీద రాయకండి, ముందు శుభ్రం చేయాలి. వాసెలిన్, మామూలు బేరింగ్ గ్రీజు వద్దు. పెట్రోలియంతో చేసినవి కొన్ని రకాల రబ్బరును ఉబ్బించి వదులు చేస్తాయి.

లైట్ బార్, కంప్రెసర్ వైర్లకు జాయింట్లు ఎలా వేయాలి?

మెలేసి ఇన్సులేషన్ టేపు చుట్టిన జాయింటు నీళ్లలో పనికిరాదు. వేడికి జిగురు జారి టేపు ఊడుతుంది. అసలు నష్టం అక్కడితో ఆగదు. రాగి పోగుల మధ్య సందుల్లో నీళ్లు దీపం వత్తిలో నూనెలా పాకుతాయి. బంపర్ దగ్గర తడిసిన జాయింటు నుంచి ఇన్సులేషన్ లోపలే మీటర్ల దూరం వెళ్లి రిలేలోనో, డాష్‌బోర్డు వెనక కప్లర్‌లోనో తేలతాయి. పైకి వైరు పొడిగానే ఉంటుంది కాబట్టి ఎక్కడ వెతకాలో ఎలక్ట్రీషియన్‌కు కూడా అంతుపట్టదు.

ముందే లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ స్లీవ్, 3:1 రకం (వేడికి మూడో వంతుకు ముడుచుకునేది), వైరుకు తొడగండి. రెండు వైర్లను రాగి బట్ కనెక్టర్‌తో సరైన ప్లయర్‌తో క్రింప్ చేసి (నొక్కి బిగించి), గట్టిగా లాగి చూడండి. స్లీవ్ జాయింటుకు రెండువైపులా కనీసం 20 మి.మీ. కప్పాలి. హీట్ గన్‌తో మధ్యనుంచి చివరలకు వేడి చేస్తే రెండు కొసల్లో జిగురు పూసలా బయటికి వస్తుంది. ఆ పూస కనబడితేనే సీలు పడినట్టు. విప్పి పెట్టాల్సిన చోట డాయిష్ డీటీ రకం కప్లర్ వాడండి. అందులో 16 సైజు పిన్ను 13 ఆంపియర్లకు, అంతకు మించితే డీటీపీలోని 12 సైజు పిన్ను 25 ఆంపియర్లకు సరిపోతుంది. వైరు పెట్టని రంధ్రాలకు సీలింగ్ ప్లగ్గులు పెట్టడం మరిచిపోతే అంత ఖర్చు పెట్టిన కప్లరూ వృథా.

ఫ్యూజ్ బాక్సు, రిలే బాక్సులను సిలికాన్‌తో పూర్తిగా మూసేస్తే మంచిదే కదా?

మంచిది కాదు. పూర్తిగా మూసిన డబ్బాలో వేడికీ చల్లదనానికీ లోపలే తేమ చేరుతుంది, అది పోయే దారి ఉండదు. డబ్బా పైనా పక్కలా గట్టి సీలు, అట్టడుగున 4 లేదా 5 మి.మీ. రంధ్రం ఉండాలి. రిలేలను పిన్నులు కిందికి ఉండేలా బిగించండి. డబ్బాలోకి వెళ్లే ప్రతి వైరూ ముందు కిందికి వంగి, మళ్లీ పైకి లేచి, కిందివైపునుంచి లోపలికి పోవాలి. అప్పుడు వైరు వెంట జారే నీళ్లు ఆ వంపు దగ్గరే చుక్కగా రాలిపోతాయి.

ఈసీయూ చుట్టూ సిలికాన్ పూయించమంటున్నారు. పూయించాలా?

వద్దు. బోనెట్ కింద ఉండే చాలా ఈసీయూల ఒంటికి చిన్న బిళ్లలాంటి పొర ఉంటుంది. అది గాలిని పోనిచ్చి నీటిని ఆపుతుంది. దాన్ని మూసేస్తే ఒత్తిడి సర్దుకోక కప్లర్ సీలు వైపునుంచే నీటిని పీలుస్తుంది. ఇంకో ప్రమాదం: వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ గట్టిపడేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, అది రాగిని తింటుంది. ఎక్కడైనా సీలెంట్ తప్పనిసరైతే న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నదే కొనండి. ఈసీయూ విషయంలో చేయాల్సింది దాని కప్లర్ లాక్ పూర్తిగా పడిందా, రబ్బరు సీలు చిట్లలేదా అని చూడటమే.

బ్యాటరీ కట్-ఆఫ్ స్విచ్ అవసరమా?

తరచూ నీళ్లలోకి దిగే బండికి తప్పక పెట్టించుకోండి. మైనస్ కేబుల్‌లో, చేతికి అందేంత ఎత్తులో, మీ స్టార్టర్ తీసుకునే కరెంటును తట్టుకునేది కావాలి. ఇంజను నడుస్తుండగా దాన్ని ఎప్పుడూ తిప్పకండి. బ్యాటరీ ఊడిన క్షణంలో ఆల్టర్నేటర్ వోల్టేజీ ఒక్కసారి ఎగదన్ని ఈసీయూను కాల్చేయగలదు. తాళం తీశాక ఒకటి రెండు నిమిషాలు ఆగి తిప్పితే ఈసీయూ తన పని ముగించుకుంటుంది. బండి మునుగుతుంటే మాత్రం ఇంజను ఆపి వెంటనే తిప్పేయండి.

## దిగే ముందు, నీళ్లలో ఉండగా

ఒడ్డున ఐదు నిమిషాలు దొరికితే ఏమేం చూడాలి?

నీళ్లు నిలకడగా ఉంటే 500 మి.మీ. దగ్గర గుర్తు పెట్టిన కర్రతో నడిచి చూడండి. ఏసీ, లైట్ బార్, కంప్రెసర్, ఇన్వర్టర్ ఆపేయండి. డాష్‌బోర్డు కింద ఓబీడీ సాకెట్‌కు (లోపాల కోడ్లు చదివే చోటు) పెట్టిన అడాప్టర్ తీసేయండి. ఫ్లోర్ డ్రెయిన్ ప్లగ్గులు బిగించారో లేదో చూడండి. పవర్ విండోలు మధ్యలో మొరాయించవచ్చు, ముందే దించి పెట్టండి.

ఏసీ ఎందుకు ఆపాలి?

ఏసీ ఆన్‌లో ఉంటే రేడియేటర్ ముందో వెనకో ఉన్న కరెంటు ఫ్యాను తిరుగుతుంటుంది. దాని రెక్కలు నీటిలో మునిగితే పడవ ప్రొపెల్లర్‌లా ముందుకు వంగి రేడియేటర్‌ను కోస్తాయి, లేదా మోటరు బిగుసుకుని ఫ్యూజు పోతుంది. ఇంజను బాగా వేడిగా ఉంటే ఏసీ ఆపినా ఫ్యాను తిరుగుతుంది, అది ఆగేదాకా ఒడ్డునే ఉండండి.

ముందు టార్పాలిన్ కడితే పనిచేస్తుందా?

పనిచేస్తుంది, బండి కదులుతున్నంతసేపే. బంపర్ కిందినుంచి బోనెట్ పైదాకా కడితే అల పక్కలకు చీలి, బోనెట్ లోపల నీటిమట్టం తగ్గుతుంది. ఆగితే కొన్ని సెకన్లలో లోపలా బయటా ఒకే మట్టం. దాటగానే విప్పండి, లేదంటే ఇంజను వేడెక్కుతుంది.

ఎంత వేగంతో దాటాలి?

ఫోర్ లోలో (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, బలంగా తిరిగే గేరు), ఫస్టు లేదా సెకండు గేరులో, మనిషి నడక వేగానికి కాస్త ఎక్కువగా, గంటకు 5, 6 కి.మీ. చాలు. ముందు లేచే అల బండితోపాటే కదలాలి, దాన్ని దాటి పోకూడదు. మధ్యలో గేరు మార్చొద్దు. వేగంగా దూకిస్తే నీళ్లు కిందినుంచి కాదు, ఫ్యాను ద్వారా పైనుంచి ఫ్యూజ్ బాక్సు మీద పడతాయి.

మధ్యలో ఇంజను ఆగిపోయింది. ఒక్కసారి సెల్ఫ్ కొట్టి చూడొచ్చా?

కొట్టొద్దు. సిలిండర్‌లో నీళ్లుంటే అవి గాలిలా నలగవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తాళం, లైట్లు ఆపి, బండిని విన్చ్‌తోనో (తాడు చుట్టి లాగే మోటరు) ట్రాక్టరుతోనో బయటికి లాగించండి. ఎయిర్ ఫిల్టర్ తెరిచి, అది పొడిగా ఉంటేనే మళ్లీ స్టార్ట్ చేసే మాట.

## ఒడ్డుకు వచ్చాక

దాటిన వెంటనే ఏం చేయాలి?

బండిని కాస్త వాలులో నిలిపి నీళ్లు కారనివ్వండి. తర్వాత పావుగంట నడిపితే ఇంజను వేడికే చాలా తేమ పోతుంది. హారన్, ఇండికేటర్లు, రివర్స్ లైటు ఒక్కొక్కటిగా వేసి చూడండి. ఇంటికి చేరాక కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూడటం ముఖ్యం. పైన పొడిగా ఉన్నా కింది స్పాంజి రోజుల తరబడి నీళ్లు పట్టి ఉంచుతుంది, వైరింగు చాలా బండ్లలో దాని పక్కనుంచే పోతుంది.

బురద ఎండకముందే ప్రెజర్ వాషర్‌తో కడిగిస్తున్నాం. సరైనదేనా?

ఎండకముందు కడగడం సరైనదే, ముఖ్యంగా నల్లరేగడి. అది ఎండితే కప్లర్ లాక్‌లో సిమెంటులా బిగుస్తుంది. బోనెట్ లోపల మాత్రం ప్రెజర్ వాషర్ పెట్టొద్దు. వాగులో తట్టుకున్న సీలును దగ్గరినుంచి కొట్టిన ఆ ధార విడదీస్తుంది. తోట గొట్టంతో, ఒత్తిడి లేకుండా, పైనుంచి కిందికి పారించండి. ఆల్టర్నేటర్‌కు గాలి సందులు ఉంటాయి కాబట్టి బురద లోపలే ఉండిపోతే బ్రష్షులు, స్లిప్ రింగులు అరుగుతాయి. దాన్ని ఇంజను ఆపి, చల్లారాక, మంచినీటితో మెల్లగా కడిగి ఆరనివ్వాలి.

ఏబీఎస్ లైటు వెలిగింది. పెద్ద ఖర్చా?

చాలావరకు కాదు. చక్రం దగ్గరి స్పీడ్ సెన్సర్ మూతికి బురద, ఇనుప రజను అంటుకోవడమో, దాని కప్లర్ తడవడమో కారణం. నాలుగు చక్రాల దగ్గరా మంచినీటితో కడిగి, కప్లర్లు విప్పి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనివ్వండి. కోడ్ చదవాలంటే ఏబీఎస్‌ను కూడా చూపే స్కానర్ కావాలి. చవక బ్లూటూత్ అడాప్టర్లు ఎక్కువగా ఇంజను కోడ్లే చూపిస్తాయి. లైటు వెలుగుతున్నంతసేపూ మామూలు బ్రేకులు పనిచేస్తాయి, ఏబీఎస్ మాత్రం ఉండదు.

బీచ్‌లో ఉప్పునీళ్లు తగిలాయి. తేడా ఉంటుందా?

చాలా. సముద్రపు నీరు మామూలు కుళాయి నీటికంటే సుమారు వంద రెట్లు కరెంటును పారనిస్తుంది. అంటే వాగునీటికి వారాలు పట్టే చిలుము గంటల్లో మొదలవుతుంది. పైగా ఎండినా ఉప్పు పోదు, గాలిలో తేమ పీల్చి మళ్లీ తడిగా మారుతుంది. సూర్యలంక నుంచి ఇంటికెళ్లాక చూద్దామనుకోకండి, ఆ రోజే కిందిభాగమంతా ధారాళంగా మంచినీటితో కడగండి. మునిగిన కప్లర్లు విప్పి, కడిగి, ఆరబెట్టి, కొత్తగా గ్రీజు రాయాలి.

## బండి మునిగిపోతే

ఇంటి ముందు నిలిపిన బండి సీట్ల దాకా మునిగింది. మొదట ఏం చేయాలి?

2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు విజయవాడనూ, మున్నేరు నీళ్లు ఖమ్మాన్నీ ముంచినప్పుడు ఎన్నో బండ్లది ఇదే పరిస్థితి. తాళం తిప్పకండి, రిమోట్ నొక్కకండి. నీళ్లు తగ్గగానే చాలా బండ్లకు సరిపోయే 10 నంబరు స్పానర్‌తో ముందు బ్యాటరీ మైనస్, తర్వాత ప్లస్ తీసేయండి. కరెంటుతో నిలిచిన ప్రతి గంటా పిన్నులను తినేస్తుంది. నీటి గీత కనబడేలా లోపలా బయటా ఫొటోలు తీసి ఇన్సూరెన్స్ వాళ్లకు తెలపండి. తర్వాత కార్పెట్లు, సీట్లు తీసి, డ్రెయిన్ ప్లగ్గులు తెరిచి, బురదను మంచినీటితో కడిగించి ఆరబెట్టాలి. మునిగిన ఇంజనును స్టార్ట్ చేస్తే జరిగిన నష్టాన్ని మామూలు పాలసీలో ఇవ్వకపోవచ్చు. మీ పాలసీలో ఇంజను ప్రొటెక్షన్ ఉందో లేదో, అది ఈసీయూకు వర్తిస్తుందో ముందే చదువుకోండి.

తడిసిన ఈసీయూను బియ్యంలో పెడితే ఆరుతుందా?

బియ్యం పనిచేయదు, పిండి ధూళి అదనంగా చేరుతుంది. నీళ్లు ఆరినా బురదలోని లవణాలు బోర్డు మీదే ఉంటాయి. తెరవగలిగిన మాడ్యూల్ అయితే ఎలక్ట్రానిక్స్ పని తెలిసినవారితో తెరిపించి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తటి బ్రష్షుతో కడిగించి, 24 నుంచి 48 గంటలు గాలి ఆడే చోట ఆరబెట్టండి. ఈ ద్రవం త్వరగా అంటుకుంటుంది, నిప్పు దగ్గర వద్దు. హీట్ గన్ పెడితే ప్లాస్టిక్ కప్లర్ వంగుతుంది.

పసుపు రంగు కప్లర్లు కూడా విప్పి ఆరబెట్టనా?

పసుపు కప్లర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి. బ్యాటరీ తీసి, మాన్యువల్‌లో చెప్పినంతసేపు, తెలియకుంటే కనీసం 10 నిమిషాలు ఆగకుండా ముట్టుకోకండి. వాటికి మల్టీమీటర్ పెట్టడం ప్రమాదం. మునిగిన ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్, సీట్‌బెల్ట్ ప్రిటెన్షనర్‌లను (గుద్దుకున్నప్పుడు బెల్టును బిగించేవి) ఆరబెట్టి వాడటం గురించి ఆలోచించకండి, మార్పించండి.

అన్నిటి మీదా డబ్ల్యూడీ-40 కొడితే సరిపోతుందా?

అప్పటికప్పుడు నీటిని తరమడానికి పర్వాలేదు. కానీ మిగిలే నూనె పొర దుమ్మును పట్టుకుంటుంది, ఎక్కువకాలం కాపాడదు. ముందు ప్లాస్టిక్‌కు హాని చేయని కాంటాక్ట్ క్లీనర్, ఆరాక డైఎలక్ట్రిక్ గ్రీజు సరైన వరస.

## వారాల తర్వాత బయటపడేవి

లైట్లు మసకగా, సెల్ఫ్ నీరసంగా ఉంది. బ్యాటరీ మార్చాలా?

ముందు ఎర్త్ చూడండి. మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీలో పెట్టి, ఒక ప్రోబు బ్యాటరీ మైనస్ ముక్కు మీద, ఇంకోటి బాడీ మీద పెయింటు లేని చోట ఉంచి హెడ్‌లైట్లు వేయండి. 0.1 వోల్టు దాటితే ఎర్త్ లగ్ కింద తుప్పు చేరినట్టే. రెండో ప్రోబు ఇంజను మీద పెట్టి సెల్ఫ్ కొట్టినప్పుడు 0.2 వోల్టులు దాటకూడదు. లగ్ విప్పి, లోహం మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, బిగించాక పైన గ్రీజు రాయండి. ఈ పనితోనే చాలా బండ్ల రోగం కుదురుతుంది.

యూ0100 కోడ్ వచ్చింది. ఈసీయూ పోయినట్టేనా?

ఈసీయూతో మాట కలవడం లేదని ఆ కోడ్ అర్థం. మధ్యలోని వైరు దోషమైనా అదే కోడ్ వస్తుంది. బ్యాటరీ తీసి, ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య ఓమ్‌లు కొలవండి. 60 దగ్గర ఉంటే క్యాన్ వైర్లు (మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే జత) బాగున్నాయి. 120 అంటే ఎక్కడో తెగింది, సున్నా దగ్గర అంటే రెండు వైర్లు కలిసిపోయాయి. గేట్‌వే (సాకెట్‌కూ మిగతా వైర్లకూ మధ్య ఉండే మాడ్యూల్) ఉన్న కొన్ని బండ్లలో ఈ సాకెట్ దగ్గర అంకె వేరుగా వస్తుంది, సర్వీస్ మాన్యువల్‌తో సరిచూడాలి. ఈసీయూ కొనే ముందు దాని ఫ్యూజు, ఎర్త్, కప్లర్ మూడూ చూడనివ్వండి.

రాత్రికి రాత్రే బ్యాటరీ దిగిపోతోంది.

తాళం తీసి, తలుపులు మూసి, అరగంట ఆగాక మైనస్ కేబుల్‌కు వరుసలో ఆమ్‌మీటర్ పెట్టండి. 50 మిల్లీఆంపియర్ల లోపు మామూలే. ఎక్కువుంటే ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ ఏది తీసినప్పుడు పడిపోతుందో చూడండి. ఆ లైనులో తడిసిన రిలేనో, ట్రెయిలర్ సాకెట్టో దొరుకుతుంది.

విన్చ్ మునిగింది, ఇప్పుడు టక్ టక్ అంటోంది తప్ప తిరగట్లేదు.

సొలెనాయిడ్ (మోటరుకు కరెంటు కలిపే స్విచ్) లోపలి కాంటాక్టులకు తుప్పు పట్టింది, లేదా మోటరు టెర్మినల్ వదులైంది. టెర్మినల్స్ శుభ్రం చేసి బిగించినా అలాగే ఉంటే సొలెనాయిడ్ మార్చాలి. ఇకపై మునిగిన ప్రతిసారీ ఆ రోజే, తాడు కొంత వదిలి తేలికపాటి లోడుతో చుట్టండి. మోటరు వేడెక్కి లోపలి తేమను తరుముతుంది.

కప్లర్లను ఎంతకాలానికోసారి విప్పి చూడాలి?

మే నెలలో ఒకసారి, వానలు తగ్గాక నవంబరులో ఒకసారి. చక్రాల సెన్సర్లు, ట్రెయిలర్ సాకెట్, ఫాగ్ ల్యాంపులు, మీరు బిగించిన ప్రతి జాయింటు చూడండి. ఫ్యాక్టరీ కప్లర్లలో బాగున్నవాటిని ఊరికే విప్పొద్దు, ఎండకు పెళుసెక్కిన లాక్ విరిగితే ఆ కప్లర్ మళ్లీ నీటిని ఆపదు.